నాలుగున్నర గంటల పెళ్లిచూపులు

జపాను సినిమాలంటే మీకంత పిచ్చేమిటని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అదీ మామూలు జపాను సినిమాలు కాదు. కత్తులు, గుర్రాలు ఉన్నవాటి జోలికి నేను పోను. నాకు కావలసినవి నాలుగు గంటలు, ఐదు గంటలు నడిచేవి. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ఉండాలి, వాళ్లిద్దరి మధ్యా చెప్పుకోదగ్గదేదీ జరగకూడదు. అడిగినవాళ్లకి కళ అనో కెమెరా అనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. అలాంటి మాటలు చెబితే ఇంక రెండో ప్రశ్న వెయ్యరు. అసలు సంగతి చెప్పాలంటే బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజి దగ్గర మొదలుపెట్టాలి. అంత ఓపిక అడిగినవాళ్లకి ఉండదు.

డెబ్బైల చివర్లో నేను అక్కడ ఆపరేటర్ని. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని జనం పూటల తరబడి కాచుకునే రోజులు. తీరా కలిశాక మాట్లాడుకునేది మూడు నిమిషాలు. ఆ మూడూ కాగానే మధ్యలో దూరి, టైమైంది, పొడిగించమంటారా అని అడగడం నా ఉద్యోగం. చాలామంది వద్దండీ వద్దండీ అంటూనే గబగబా ఇంకో రెండు ముక్కలు చెప్పేసి పెట్టేసేవాళ్లు. మూడు నిమిషాల్లో మనుషులు ఏం మాట్లాడతారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని. మొదటి నిమిషం హలో, వినబడుతోందా అనడానికే సరి. రెండో నిమిషం ఆరోగ్యాలు. అసలు సంగతి మూడో నిమిషంలో మొదలవుతుంది. అది మొదలయ్యేసరికి నేను అడ్డం పడతాను.

ఉప్పెన వచ్చాక కొన్నాళ్లు అసలు లైన్లే లేవు, స్తంభాలన్నీ పొలాల్లో పడి ఉన్నాయి. లైన్లు కలిశాక దివిసీమ నుంచి, దివిసీమకి, తెరిపి లేకుండా కాల్స్. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని చెప్పుకోవడానికే మూడు నిమిషాలు చాలేవి కావు. ఒకాయన అవనిగడ్డ నుంచి హైదరాబాదులో ఉన్న అన్నగారికి పేర్లు చెబుతున్నాడు. ఒక్కో పేరు చెప్పి కాసేపు ఆగుతున్నాడు. మధ్యలో నేను టైము చెప్పాను. చెప్పక తప్పదు, ఆ లైను కోసం వెనక ఎంతోమంది కాచుకుని ఉన్నారు. అయిపోయిందా అండీ, అని ఆయన ఎంతో మర్యాదగా అడిగి పెట్టేశాడు. చెప్పాల్సిన పేర్లు అయిపోయాయో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైందన్న వంకతో అమ్మ మీద అరిచాను. కూర బాగానే ఉంది.

ఆ మరుసటి ఏడు బందరులో కొందరు ప్లీడర్లు, లెక్చరర్లు కలిసి ఫిలిం సొసైటీ పెట్టారు. నెలకో సినిమా. పెట్టెలు మద్రాసు నుంచి రైల్లో వచ్చేవి. ఒక ఆదివారం పొద్దున బందరులో వేసి, మరుసటి ఆదివారం అదే ప్రింటు గుడివాడ సొసైటీవాళ్లు వేసుకునేవారు. మా నాన్న రిటైరైన హెడ్మాస్టరు. ఒక ప్లీడరు గారి దగ్గర మొహమాటం కొద్దీ మెంబరుగా చేరాడు గాని, ఆదివారం చర్చి మానడం ఇష్టం లేక కార్డు నాకిచ్చేశాడు. నేను తెల్లవారుజామున జరిగే మొదటి ఆరాధనకి వెళ్లి, బైబిలు సంచీలో పెట్టుకుని అటునుంచి అటే సినిమాకి వెళ్లేదాన్ని. ఈ పద్ధతి మా పాస్టరు గారికి నచ్చలేదు. ఆరాధన మాననంత కాలం ఆయన నన్నేమీ అనలేకపోయారు.

మొదటి జపాను సినిమాకి సగం హాలు ఇంటర్వెల్లోనే ఖాళీ అయింది. నేనూ లేచేదాన్నే. దారికి అడ్డంగా ఇద్దరు లెక్చరర్లు కాళ్లు చాపుకుని నిద్రపోతుంటే వాళ్లని దాటి వెళ్లడం బాగుండదని కూర్చుండిపోయాను. మొదటి గంట విసుగు. రెండో గంట ఆ విసుగు మీద కోపం. ఆ రెండూ దాటాక ఒంట్లో ఏదో సర్దుకుంటుంది. తెర మీద ఉన్న ఆడమనిషి కప్పు ఎలా పట్టుకుంటుందో, తలుపు తీసేముందు ఎందుకు ఆగుతుందో మనకి తెలిసిపోతుంది, సొంత వదినగారి సంగతి తెలిసినట్టు. ఆ తర్వాత ఎప్పుడో ఆవిడ తలుపు దగ్గర ఆగకుండా బయటికి నడిచిందంటే గుండె గుభేలుమంటుంది. అంతకుముందు అంతసేపు కూర్చుని ఆవిడ ఆగడం చూశాం కాబట్టే ఆ గుభేలు.

మన సినిమాలని నేను తక్కువ చెయ్యను, పాటలు నాకూ నోటికొచ్చు. కానీ మన సినిమాల్లో ప్రేమ ఒక్క పాటలో అయిపోతుంది. పల్లవి దగ్గర కస్సుబుస్సులాడుకున్నవాళ్లు రెండో చరణానికల్లా బట్టలు మార్చుకుని చేతులు పట్టుకుంటారు. ఈ జపానువాళ్లకి ఆ తొందర లేదు. ఇష్టం అన్న మాట అనకుండానే సినిమా అయిపోయినా వాళ్లకి పట్టదు. నేనేమో వారమంతా మనుషుల మాటలు మధ్యలో కోసేసే ఉద్యోగం చేసి వచ్చినదాన్ని. ఇక్కడ ఎవరూ ఎవరికీ టైమైందని చెప్పడం లేదు. ఉన్న ఊళ్లోనే నాకు అలాంటి చోటు దొరికింది. నాకు పట్టిన పిచ్చి అదీ.

వాటిలో ఒకటి నాలుగున్నర గంటల సినిమా. సముద్రం ఒడ్డున ఎండు చేపల కొట్టులో పనిచేసే ఆడమనిషి, ఊరూరా తిరిగి కాటాలు బాగుచేసే మగమనిషి. అతను ఏడాదికోసారి వస్తాడు, ఆ కొట్టులో కాటా సరిచేస్తాడు, టీ తాగుతాడు, వెళ్లిపోతాడు. కెమెరా ఉన్నచోటి నుంచి కదలదు. మధ్యలో ఒకచోట ఆ నటి మనవైపు తిరిగి, నేను వేస్తున్న ఈ మనిషికి అతనంటే ఇష్టమో కాదో నాకింకా తెలియడం లేదని చెప్పి, మళ్లీ చేపలు తిరగేసుకుంటుంది. అతను రావలసిన ఏడాది ఒకసారి రాడు. తుఫాను వస్తుంది, ఆవిడ గదిలో దీపం ఆరిపోతుంది, దాంతో తెర పూర్తిగా నల్లబడుతుంది. కుక్కరు మూడు కూతలు కూసేంతసేపు బొమ్మ లేదు. గాలి, వాన, ఎక్కడో కిటికీ తలుపు కొట్టుకుంటున్న చప్పుడు, అంతే. తర్వాత తెల్లవారుతుంది. అతను గుమ్మంలో నిలబడి ఉంటాడు. కాటా తడిసిందా అని అడుగుతాడు.

బందరులో ఆ చీకటి రాగానే కరెంటు పోయిందనుకున్నారు. మనకి తెర నల్లబడితే అంతకన్నా వేరే అర్థం ఏముంది? అగ్గిపుల్లలు గీశారు, ఈలలు వేశారు, ప్రొజెక్టరు ఆపరేటర్ని తిట్టారు. ఆపరేటరు కూడా బల్బు మాడిందనుకుని మిషను ఆపేసి మూత తీశాడు. సెక్రటరీ గారు మైకు లేకుండా అరిచి, సినిమాయే అలా ఉందని ప్రింటుతో వచ్చిన కాగితంలో రాశారని చెప్పారు. మళ్లీ మొదలుపెట్టేసరికి ఈసారి ఎవరూ నోరెత్తలేదు. బొమ్మ లేని గాలి అలా హాలు నిండా మోగుతుంటే నా వెనక వరుసలో ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. సినిమా అయ్యాక చూస్తే మెట్ల మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. దివిసీమ నుంచి వచ్చి కోర్టులో పనిచేస్తున్నాడని ఎవరో అన్నారు. ఆయన పక్కనుంచే అందరం దిగి వెళ్లిపోయాం.

ఇంటికి వెళ్లేసరికి పాస్టరు గారు వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. సంబంధం తెచ్చారు.

సంబంధాలంటే నాకు అప్పటికే ఒళ్లుమంట. వచ్చేవాళ్లు ప్రార్థన చేసుకుని, గారెలు తిని, టీ తాగి, అరగంటలో నన్ను తేల్చేసేవాళ్లు. ఒకాయన నన్ను పేపరు చదవమన్నాడు. ఇంకొకాయన, మా అమ్మాయి టెలిఫోన్ ఆపరేటరని నాన్న గర్వంగా చెప్పగానే, ఏదీ ఒకసారి హలో అనండి అన్నాడు. ముందు కాల్ బుక్ చేసుకోమన్నాను. ఆ సంబంధం అక్కడితో సరి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పేరు వచ్చింది. ఆ పేరుతో నాకేమీ ఇబ్బంది లేదు గాని అమ్మకి నిద్ర పట్టేది కాదు.

పాస్టరు గారు తెచ్చిన సంబంధం చల్లపల్లిలో, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. రెండో పెళ్లి. మొదటి భార్య పోయింది, పిల్లలు లేరు, తల్లి ఉంది అన్నారు. ఏ జబ్బుతోనో పోయి ఉంటుందనుకుని నేను ఆరా తియ్యలేదు. రెండో పెళ్లివాళ్లని అంతకుముందే ఇద్దరిని చూసి ఉన్నాను. ఇంటికి ఒక ఆడదిక్కు కావాలి కాబట్టి వచ్చామని ముఖాన రాసుకుని వచ్చేవాళ్లు. ఖాళీ అయిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టడానికి వస్తున్నాడా, నన్ను చూడటానికి వస్తున్నాడా, అది నాకు తెలియాలి. అరగంటలో అది తెలియదు. నాలుగున్నర గంటలు పక్కపక్కన ఊరికే కూర్చుంటే తెలుస్తుందేమోనని అప్పటికప్పుడు నోటికొచ్చింది, అనేశాను. వచ్చే ఆదివారం గుడివాడలో ఈ సినిమాయే వేస్తారు, అత్తయ్య ఉండేదీ అక్కడే, పెళ్లిచూపులు అక్కడ పెట్టండి, చివరి దాకా కూర్చుంటేనే మాట్లాడతాను, లేకపోతే లేదు అన్నాను.

అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న కాసేపు కళ్లజోడు తుడుచుకుని, కబురు చేసి చూద్దాం అన్నాడు. వాళ్లు ఒప్పుకోరనే ఆయన ధైర్యం. రెండు రోజుల్లో చల్లపల్లి నుంచి వస్తామని కబురొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ప్యాసింజరులో గుడివాడ వెళ్లి మేనత్త ఇంట్లో దిగాం. ఆదివారం మొదటి ఆరాధన ముగించుకుని, పులిహోర క్యారియరుతో సహా నలుగురం హాలుకి చేరాం. ఆ మనిషి తల్లితో అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై దాటి ఉండవు, చెవుల దగ్గర జుట్టు అప్పుడే నెరిసింది. ఇస్త్రీ చొక్కా, పాత చెప్పులు. నాకు నమస్కారం పెట్టి, ఎంతసేపు ఉంటుందండీ అని అడగలేదు. బస్సు దారిలో తూముల దగ్గర గట్టు తెగిందని మాత్రం నాన్నకి చెప్పాడు.

వాళ్ల అమ్మగారు నా గడ్డం పుణికి, మా కోడలు కూడా నీ అంతే పొడుగమ్మా అంది. ఉప్పెనప్పుడు మేం నాగాయలంకలో ఉండేవాళ్లం, నేనూ అబ్బాయీ ఆసుపత్రి డాబా మీద మిగిలాం, ఆ పిల్ల మిగల్లేదు అని, బస్సులో చోటు దొరకలేదన్నంత మామూలుగా చెప్పింది. నేను నాన్నవైపు చూశాను. నాన్న వేరేవైపు చూశాడు. తర్వాత చెప్పాడు, ఆ సంగతి ముందే తెలిస్తే నేను జాలితో ఒప్పేసుకుంటానని భయపడ్డాడట. నా కోపం గురించి ఊరంతటికీ తెలుసు గాని జాలి గురించి తెలిసింది ఆయనకొక్కడికే.

హాల్లో నడవకి ఒకవైపు ఆడవాళ్లం, ఒకవైపు మగవాళ్లు. సినిమా మొదలైంది. నేను అమ్మకి తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి చెబుతానన్నాను గాని చదవడానికి అక్షరాలుంటే కదా. మొదటి గంటలో అమ్మ ఒకే ప్రశ్న వేసింది, ఈ పిల్ల ఎంతసేపని ఆ చేపలు తిరగేస్తుందే అని. అత్తయ్య నిద్రపోయింది. వాళ్ల అమ్మగారు మాత్రం ముందుకి వంగి కూర్చుని చూస్తోంది. మబ్బు పట్టింది, చేపలు లోపల పెట్టరేమిటి అని ఆవిడ కంగారు. ఎవరూ పెట్టకపోయేసరికి ఆ కంగారు అమ్మకీ అంటుకుంది. ఇద్దరూ చేపల గురించి మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ, ఎవరి ఇంట్లో ఎవరికి కీళ్ల నొప్పులో దాకా వెళ్లారు. పెళ్లిచూపుల్లో రెండువైపులవాళ్లు అంత మనసిచ్చి మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

నాకు మాత్రం సినిమా కనబడటం లేదు. మెట్ల దగ్గర ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన, ఆ చీకటి వస్తోంది. బందరులో మెట్ల మీద తల వంచుకున్న మనిషే కళ్లముందు కనబడుతున్నాడు. ఎవరితోనైనా కబురు పంపుదామంటే ఏమని పంపను? నాన్నకి సైగ చేద్దామంటే నాన్న గడ్డం ఛాతీ మీద వాలిపోయి ఉంది. ఆయన పక్కన ఈ మనిషి నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, తెరవైపే చూస్తున్నాడు. అతని పక్కన, నడవ వైపు కుర్చీ ఖాళీగా ఉంది.

తెర మీద ఆవిడ తలుపులు మూస్తోంది. దీపం వెలిగించింది. ఇంక ఎంతోసేపు లేదని తెలుసు. లేచాను. అమ్మ నా కొంగు పట్టుకుంది. వదిలించుకుని, అంతమందిలో నడవ దాటి వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. పెళ్లికాని పిల్ల ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, అలా చెయ్యడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. వెనక ఎవరో దగ్గారు కూడా.

"ఇప్పుడు తెర నల్లబడుతుందండీ," అన్నాను. "కరెంటు పోవడం కాదు, సినిమాలోదే. గాలి వస్తుంది, వాన వస్తుంది. చాలాసేపు ఉంటుంది. తర్వాత తెల్లారుతుంది. బయటికి వెళ్దామనుకుంటే ఇప్పుడే వెళ్లచ్చు."

ఆయన నావైపు తిరగలేదు. వెళ్లలేదు కూడా. కుర్చీ చేతిని మాత్రం పట్టుకున్నాడు. దీపం ఆరిపోయింది.

గుడివాడలోనూ అగ్గిపుల్లలు గీశారు, ఆపరేటరు మీద అరిచారు. కాసేపటికి గాలి పెద్దదయింది. ఎవరో నిజంగానే బయట గాలి లేచిందనుకుని పక్కతలుపు తోశారు. ఎర్రటి ఎండ హాల్లోకి వచ్చిపడింది. రోడ్డు మీద రిక్షా బెల్లు వినబడింది. తలుపు మళ్లీ మూసుకుంది. ముందు వరుసలో ఒక ఆడగొంతు ప్రార్థన మొదలుపెట్టింది. తర్వాత అందరూ ఊరుకున్నారు. గాలి ఒక్కటే మోగుతోంది. నా పక్కన ఆయన ఊపిరి తీసే చప్పుడు వినబడుతోంది. అది మధ్యమధ్య ఆగుతోంది, మళ్లీ వస్తోంది.

చాలాసేపటికి, గొంతు తగ్గించి, మామూలుగానే అన్నాడు.

"అప్పుడు మాకెవరూ ముందు చెప్పలేదండీ."

టైమైందని చెప్పే అవసరం లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇంకాసేపటికి ఆయనే, భార్యకి సినిమాలంటే ఇష్టమని, కోతలయ్యాక అవనిగడ్డ తీసుకెళ్తానని మాటిచ్చాడని చెప్పాడు. ఆ కోతలు రాలేదు. అంతే చెప్పాడు. తెర తెల్లవారింది. కాటా తడిసిందా అని అడుగుతున్న మనిషిని చూసి ఆయన చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

నేను లేచి నా చోటికి వెళ్లలేదు, సినిమా అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ మనిషి నాకు నచ్చాడు. జాలి అనుకుంటారేమో, కాదు. జాలి ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎక్స్ఛేంజిలో రోజూ పడేదే. జాలి పడ్డప్పుడు ఆ మాట త్వరగా అయిపోతే బాగుండుననిపిస్తుంది, ఇంకో లైనుకి మారిపోవాలనిపిస్తుంది. ఇక్కడ నాకు కదలబుద్ధి కాలేదు. చివర్లో ఆవిడ టీ కాచి ఇస్తే అతను గుక్కగుక్కగా కప్పు ఖాళీ చేసేదాకా కెమెరా అలాగే చూస్తూ ఉంటుంది. బందరులో ఆ ఘట్టం నాకు కొంచెం ఎక్కువైందనిపించింది. గుడివాడలో ఆ టీ ఇంకాసేపు తాగితే బాగుండుననుకున్నాను.

బయటికి వచ్చేసరికి మ్యాట్నీ జనం తలుపులు బాదుతున్నారు. సినిమా విసుగనిపించిందా అని నాన్న మర్యాదకి అడిగాడు. గేదె ఈనేటప్పుడు రాత్రంతా కూర్చోవడం అలవాటేనండీ అన్నాడాయన. నాన్న ఆ సందు పట్టుకుని, మరి మా అమ్మాయి విషయం ఏమంటారు అన్నాడు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఇప్పుడే చెప్పలేనండీ, కొంత టైము కావాలి అన్నాడు. తల్లిని తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రైలు బందరు చేరేదాకా అమ్మా అత్తయ్యా, అత్తయ్య కూడా ఆ కోపంలో మాతో రైలెక్కేసింది, ఆ మనిషిని ఉతికి ఆరేశారు. రెండో పెళ్లివాడు గడువు అడగడమేమిటని ఒకరు, పిల్ల వెళ్లి పక్కన కూర్చుంటే అలుసైపోయిందని ఒకరు. నాకూ ఒళ్లు మండిపోయింది. నాలుగున్నర గంటలు కావాలని పట్టుబట్టింది నేను, ఎదుటివాళ్లు టైము అడిగేసరికి తట్టుకోలేకపోయాను. అంత కోపమెందుకో నాకు బాగా తెలుసు. నాకు ఆయన నచ్చేశాడు, ఆయనకి నేను కావాలో వద్దో ఇంకా తెలియలేదు.

నెలలు గడిచాయి. చల్లపల్లి నుంచి కబురు లేదు. సొసైటీలో ఇంకో రెండు జపాను సినిమాలు వచ్చాయి. ఒకదానిలో మొగుడూ పెళ్లాలు మూడు గంటల పాటు ఇల్లు మారుతూ ఉంటారు, సామాన్లు కట్టుకుంటూ పాత పోట్లాటలన్నీ మళ్లీ పోట్లాడుకుంటారు. రెండిటికీ వెళ్లాను. నడవ పక్క కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అంత పొడుగు సినిమాలు నేర్పేది ఓపిక అనుకునేదాన్ని. ఓపిక ఎప్పుడూ బాధ లేకుండా రాదని అప్పుడు తెలిసింది. చూసేవాళ్లకి కూర్చోవడం సులువు, చివర ఉందని తెలుసు కాబట్టి. తెర మీద ఉన్నావిడకి అది తెలియదు.

ఈలోగా ఏలూరు నుంచి ఇంకో సంబంధం వచ్చింది. మంచి ఉద్యోగం, మొదటి పెళ్లి, నెమ్మదస్తుడు. పేపరు చదవమనలేదు, హలో అనమనలేదు. అరగంటలో సరే అన్నాడు. కాదనడానికి నాకు వంక దొరకలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు మా మాట కోసం వస్తారని నిర్ణయమైంది. అమ్మ ఆ వారమంతా నా ముందు చప్పుడు చేయకుండా నడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా అవనిగడ్డ ఆపరేటరు లైన్లోకి వచ్చింది. నాగాయలంక పోస్టాఫీసు నుంచి పి.పి. కాల్ అంది. ఫలానా మనిషే మాట్లాడాలని బుక్ చేసుకునే కాల్ అది. ఎవరు కావాలి అని అడిగాను. నువ్వేనమ్మాయ్ అంది. అన్నేళ్ల ఉద్యోగంలో నా పేరు మీద కాల్ రావడం అదే మొదటిసారి. టైము నువ్వే చూసుకో అని నవ్వి ఆవిడ తప్పుకుంది.

మొదటి నిమిషం అందరిలాగే వినబడుతోందా అండీ, వినబడుతోందండీ అనుకోవడంలో పోయింది. రెండో నిమిషంలో వాళ్ల అమ్మగారు కులాసా అన్నాడు, మా అమ్మ కీళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో కనుక్కోమందట. అడిగి మరీ ఉద్యోగం మళ్లీ నాగాయలంకకే మార్పించుకున్నానని, వచ్చి పదిరోజులైందని చెప్పాడు. అక్కడ ఆగాడు. నా ఎదురుగా గోడ మీద గడియారం ముల్లు తిరుగుతోంది.

"ఆ రోజు మీరు నాకు ముందే చెప్పారు," అన్నాడు. "అందుకని నేనూ మీకు ముందే చెబుతున్నానండీ. గాలి లేస్తే నేను మనుషులతో మాట్లాడలేను. ఒక్కోసారి రెండు రోజులు కూడా ఉంటుంది. ఆవిడని మర్చిపోలేదు, మర్చిపోయేదీ లేదు. ఉండేది ఈ ఊళ్లోనే, ఎంత గాలి వచ్చినా ముందు ఇక్కడికే వస్తుంది. ఇవన్నీ విని మీరు వద్దంటే నాకేమీ కష్టం లేదని అబద్ధం చెప్పను. మా అమ్మ కోసం అడగడం లేదండీ. నేనే అడుగుతున్నాను."

లైనులో సన్నగా గరగరమంటోంది. పక్క సీట్లో ఆపరేటరు తన ప్లగ్గు చేతిలోనే పట్టుకుని నావైపు చూస్తోంది. నేను మాట్లాడకపోయినా ఆయన పెట్టెయ్యలేదు. ఆ గరగరలో ఆయన ఊపిరి వినబడుతోంది, గుడివాడలో చీకట్లో విన్నదే. ఈసారి అది ఎక్కడా ఆగడం లేదు.

"మూడు నిమిషాలు అయిపోయి ఉంటాయేమో కదండీ?" అన్నాడు.

గడియారం వైపు చూశాను. ఎప్పుడో అయిపోయాయి.

"ఇంకా కాలేదండీ," అన్నాను. "చెప్పండి."